ఏడో గట్టులో నేను ఊఁ కొట్టిన రోజు

గట్టు సభవారికి పెమ్మాడి నూకరత్నం చెప్పి రాయించినది.

నాకు అక్షరం ముక్క రాదు. నేను మాట్లాడుతుంటే ఈ పెట్టె విని తనే రాసుకుంటుంది. నా యాస దిద్ది నలుగురూ చదివేలా రాస్తుందట. దిద్దుకోనీ, మాట మాత్రం నాదే. ఊఁకొట్టు మనిషి తన పెట్టెకి చెప్పుకున్నది ఆమె నోటితో విప్పమంటే తప్ప ఎవరూ వినకూడదని మీరే కట్టుబాటు పెట్టారు. ఇవాళ నేనే విప్పమంటున్నాను. మెట్టప్రాంతం నుంచి వచ్చిన నాగవేణి పనిచీటీ చింపేసి పిల్లని గట్టు దింపెయ్యాలని తీర్మానం రాసుకున్నారు కదా. దాని మీద చేతులు వేసి ఖాయం చేసేముందు ఇది మొదటినుంచి చివరిదాకా వినండి. మధ్యలో టీకి లేవకండి.

పలుకు 1. శుద్ధ షష్ఠి

ఇవాళ ముప్పై ఆరు పీతలకి గిట్టలు, అంటే కరిచే ముందుకాళ్ళు, తాడుతో కట్టాను. ముప్పై ఏడోదాని మీద కాలు వేసి తాడు బిగిస్తుంటే దానియేలు వచ్చాడు. గట్టు పెద్ద అయ్యాక వాడు చెరువుల దగ్గరికి చెప్పులేసుకుని రావడం మొదలుపెట్టాడు.

"పిన్నీ, నాలుగో గట్టోళ్ళ క్లౌడ్‌లోకి ఎవడో దూరేసేడు. మంచినీళ్ళ ట్యాంకు తలుపు ఆళ్ళ చెయ్యి పడకుండానే తెరుచుకుంది. ఉప్పునీరు కలిసిపోయింది. నాలుగొందల గడపకి తాగడానికి చుక్క లేదు."

"మరి కావలి ఏం చేస్తంది?"

"ఆ కావలిలోనే కన్నం ఉందంట. మనదీ అదే కావలి."

తాడు నా చేతిలో జారింది. పీత తప్పించుకుని వాడి చెప్పు కిందికి దూరింది. వాడు ఎగిరి గంతేశాడు. ఇంకో రోజయితే నవ్వేదాన్ని.

సముద్రం పైకొచ్చాక కట్టుకున్న ఈ గట్ల మీద తాళంచెవి అనే వస్తువు లేదు. ట్యాంకు తలుపైనా, చెరువు తూమైనా, ఆసుపత్రి మందుల అలమారైనా రేకు మీద అరచెయ్యి ఆనిస్తే తెరుచుకుంటుంది. ఆ చెయ్యి ఎవరిదో, తెరవొచ్చో లేదో చెప్పేది క్లౌడ్. ఆ క్లౌడ్‌లోకి దొంగ దూరకుండా రాత్రింబవళ్ళు చూసేది కావలి లైబ్రరీ. దాన్ని మార్చాలంటే మా గట్టులో ఒక పద్ధతుంది. చెయ్యబోయే మార్పేమిటో చదువురాని మనిషికి నోటితో చెప్పాలి. ఆ మనిషి ఊఁ అంటేనే మార్పు. అనకపోతే లేదు.

పన్నెండేళ్ళ కిందట ఒక మార్పు జరిగి ఆసుపత్రి చీటీల్లో ఒకరి మందులు ఇంకొకరి పేరు మీదికి వెళ్ళాయి. పధ్నాలుగు మంది ముసలివాళ్ళు పోయారు. ఏం మార్చారో చెప్పమంటే సభలో ఉన్న చదువుకున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పధ్నాలుగు మందిలో మా ఆయన ఏడోవాడు. ఆ తర్వాతే ఈ పద్ధతి వచ్చింది. పదకొండేళ్ళుగా ఊఁకొట్టు మనిషిని నేను.

"కొత్త కావలి వచ్చిందంట. పిల్ల సాయంత్రం వచ్చి సెప్తాది. తొందరగా ఊఁ అనెయ్ పిన్నీ" అన్నాడు దానియేలు.

"అర్థమైతే అంటాను. ముందు నీ చెప్పు తియ్యి, పీత నలిగిపోద్ది."

పలుకు 2. అదే రోజు, దీపాలు పెట్టాక

నాగవేణి వచ్చింది. క్లౌడ్ పని చూసే ఈ పిల్ల గట్టుకి వచ్చి ఏడు నెలలు. కొండల అవతలి మెట్టది. ఇక్కడికి వచ్చేదాకా సముద్రం చూడలేదట. పీతలంటే భయం, బుట్టకి బారెడు దూరంలో కూర్చుంటుంది. నన్ను అవ్వా అంటుంది. ఈ గట్టు మీద అలా పిలిచేది ఈ పిల్ల ఒక్కతే.

"అవ్వా, నువ్వు కారప్పొడి ఇంట్లోనే దంచుకుంటావా?"

"ఈ రెక్కలతోనా? మిల్లు పొట్లమే."

"లైబ్రరీ అంటే అట్లాంటిదే. ఎవరికి వాళ్ళు దంచుకోకుండా ఒగ తావున దంచి అన్ని ఊర్లకీ పంపుతారు. కావలి ఎట్ల కాయల్ల అనేదంతా అందులో ఉంటాది. ఇప్పుడు మనకాడ ఉండేది పాత పొట్లం. దొంగ వచ్చి 'నేను కూడా కావలివాణ్ణే' అంటే అది నమ్ముతాంది."

"కొత్తది నమ్మదా?"

"నమ్మదు. గుర్తు అడుగుతాది."

ఇక్కడిదాకా బాగుంది. ఈ పిల్ల చెబితే నాకు కళ్ళకు కడుతుంది. ఇంకేం మారిందని అడిగాను. ఇది నేను ఎప్పుడూ అడుగుతాను. మొదట చెప్పేది వాళ్ళకి కావలసింది, అడిగితే చెప్పేది మనకి కావలసింది.

"కొత్తది తెలివైంది అవ్వా. ఏడు దినాలు ఊరికే చూస్తాది. ఏ తలుపుని ఎవరు ఏ వేళకి తెరుస్తారు, ఏ వేళకి మూస్తారు, అంతా నేర్చుకుంటాది. ఎనిమిదో దినం నుంచి, మామూలు వేళ తప్పి ఎవరన్నా చెయ్యి పెడితే అనుమానపడతాది. అనుమానం బలపడితే ఆ తలుపు ఎట్లుండేది అట్లే బిగించేస్తాది."

"మామూలు వేళ అంటే ఏ వేళ?"

"అదే కదవ్వా, దానంతట అదే నేర్చుకుంటాది."

"నేర్చుకోడానికి అక్కడేం ఉందని?"

పిల్ల నా మొహం చూసింది. నేను పిల్ల మొహం చూశాను. చేపముల్లు గొంతులో అడ్డంపడితే ఎక్కడుందో చూపించలేం కదా, అలా ఉంది నాకు. ఏదో ఉంది, ఏమిటో చెప్పలేను.

"నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు" అన్నాను.

మళ్ళీ చెప్పింది. మళ్ళీ కాలేదన్నాను.

పలుకు 3. సప్తమి

పొద్దున నీళ్ళ దగ్గర అందరూ నాకు దారి ఇచ్చారు. గౌరవం కాదు, దూరం. బుల్లెమ్మ మాత్రం దారి ఇవ్వలేదు. తిరుమాని బుల్లెమ్మ నాకు వియ్యపురాలు. పదకొండేళ్ళ కిందట ఊఁకొట్టు మనిషిగా నన్ను పెట్టి తనని పెట్టలేదని నాతో మాట మానేసింది. నాతో మాట్లాడదు కానీ నాకు వినపడేలా బిందెతో మాట్లాడుతుంది.

"ఓలమ్మ, మనం రేపు ఉప్పునీళ్ళు తాగాలంట. మహారాణీగారికి ఇంకా అర్థం అవ్వలేదంట. బుర్రలో ఏమన్నా ఉంటే కదా అర్థం అవ్వడానికి!"

"బుర్రలో లేకపోతేనే ఈ పని ఇస్తారు. నీకు మరీ ఎక్కువుందని ఇవ్వలేదు" అన్నాను నేను, నా బిందెతో.

మధ్యాహ్నం పిల్ల మళ్ళీ వచ్చింది. కళ్ళ కింద నలుపు. రెండు రోజులుగా పాత కావలికే అడ్డుకట్టలు వేస్తూ కూర్చుందట, కన్నం దగ్గర చెయ్యి అడ్డం పెట్టినట్టు. ఈసారి నేనే నా దారిలో అడిగాను.

"ఇదిగో ఈ పీత గుల్ల విడుస్తుంది. కొత్త గుల్ల వస్తుంది. పాత గుల్ల మీద అంటుకున్న ఆలిచిప్పలు కొత్తదానికి రావు. మన పాత కావలి మీద ఏమన్నా అంటుకుని ఉన్నాయా?"

పిల్ల కొంచెం ఆలోచించింది. "ఉన్నాయవ్వా. రాఘవులు సార్ కలిపినవి కొన్ని ముక్కలు. అవి దేనికో ఎక్కడా రాసిపెట్టలేదు. ఆయప్ప ఉంటే అడుగుదును. కొత్తదాంట్లో అన్నీ దానంతట అదే నేర్చుకుంటాది కాబట్టి అవి అక్కర్లేదని నాకు తోస్తాంది."

రాఘవులు ఈ పిల్లకి ముందు పనిచేసినవాడు. పోయి నాలుగేళ్ళు. మితంగా మాట్లాడేవాడు, ఉత్తినే ఏ పనీ చేసేవాడు కాదు.

"తోస్తాందా, తెలుసా?"

"తోస్తాంది."

"అయితే కాలేదు. మళ్ళీ చూసి చెప్పు."

పిల్లకి ఏడుపొచ్చింది. ఆపుకుంది. ఆపుకున్నది నేను చూడకూడదని పీతల బుట్ట వైపు తిరిగింది, భయం కూడా మరిచిపోయి.

పలుకు 4. అష్టమి

తొమ్మిదో గట్టుకి కూడా దొంగ తగిలాడు. ఆసుపత్రి అలమారాలు బిగుసుకుపోయాయి. అక్కడ మా చెల్లెలి కోడలు ఉంది, కాన్పు దగ్గరికొచ్చింది.

దానియేలు ఈసారి ఒక్కడూ రాలేదు, ఇరవై మందితో వచ్చాడు. "పిన్నీ, ఇది పట్టుదలకి వేళ కాదు" అన్నాడు. ఎవరో వెనకనుంచి, "ముసలిదాని మొగుడు పోయాడని అందర్నీ చంపుతాదా" అన్నారు. ఎవరో నాకు తెలుసు. పేరు చెప్పను. వాళ్ళ పిల్లాడు ఆసుపత్రిలో ఉన్నాడు.

వాళ్ళని వాకిట్లో నిలబెట్టి పిల్లని లోపలికి పిలిచాను. పద్ధతి ప్రకారం మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాను. మొదలుపెట్టింది. ఒళ్ళు కాలిపోతోంది, చెయ్యి పట్టుకుంటే తెలిసింది. "ఏడు దినాలు చూస్తాది అవ్వా, ఏ వేళకి..." అంటూ అంటూ పీతల బుట్ట మూత మీద తల ఆనించి నిద్రపోయింది. కింద పీతలు గరగరలాడుతున్నాయి. వాటిని చూస్తే బారెడు దూరం జరిగే పిల్ల, వాటి మీదే తల పెట్టుకుని నోరు తెరుచుకుని నిద్రపోయింది.

ఒక్క క్షణం చూశాను. లేపాను. పిల్ల తెచ్చిన రేకు మీద చెయ్యి పెట్టాను.

"ఊఁ" అన్నాను.

పిల్ల నన్ను వాటేసుకుంది. వాకిట్లో ఈలలు వేశారు. సాయంత్రానికల్లా కొత్త కావలి ఎక్కింది.

ఇప్పుడు ఈ పెట్టెకి నిజం చెబుతున్నాను. నాకు అర్థం కాలేదు. నిన్న ఎంత కాలేదో ఇవాళా అంతే. పిల్లని చూసి జాలిపడ్డాను, వాకిట్లో మనుషులకి జడిశాను. పదకొండేళ్ళలో ఇది మొదటిసారి. ఇదే ఆఖరిసారి.

పలుకు 5. త్రయోదశి

నిన్న మా గట్టుకీ దొంగ వచ్చాడు. నేనూ కావలివాణ్ణే అన్నాడట. కొత్త కావలి గుర్తు అడిగింది. వాడి దగ్గర లేదు. పోయాడు.

గట్టంతా జీళ్ళు పంచారు. దానియేలు నాకు రెండు పొట్లాలిచ్చి, "సూసేవా పిన్నీ, నువ్వు ఊఁ అన్నావు, మేం బతికేం" అన్నాడు. బుల్లెమ్మ తన జీడితో, "రెండ్రోజులు ఆపిందెవరో ఎవరూ అడగరేం" అంది.

ముల్లు కిందికి దిగిపోయిందనుకున్నాను. నాగవేణికి జ్వరం తగ్గింది. నా దగ్గర కూర్చుని ఒక పీతకి గిట్ట కట్టింది, కళ్ళు మూసుకుని. ముడి తప్పు వేసింది. నేను దిద్దలేదు.

పలుకు 6. బహుళ పాడ్యమి

ఇవాళ చెరువులో కొత్త సంగతి జరిగింది. తెలియనివాళ్ళకి చెబుతాను. పాటు తీసేటప్పుడు, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, తూము పలక ఎత్తుతాం. చెరువులో నీరు సముద్రంలోకి దిగిపోతుంది. ఆడవాళ్ళం బురదలోకి దిగి పీతలు ఏరతాం. నీరు మళ్ళీ పోటు తిరిగే వేళకి పలక దించేస్తాం. దించకపోతే సముద్రం మన మీదికి వస్తుంది. తూము దగ్గర ఉండేది మాచమ్మ. నా కంటే ముప్పై ఏళ్ళు చిన్న, నన్ను పిన్నీ అంటుంది.

ఇవాళ మాచమ్మ పలక దించబోతే రేకు ఒప్పుకోలేదు. రెండోసారి చెయ్యి పెట్టమంది, మూడోసారి పెట్టమంది, తర్వాత పలకని బిగించేసింది. నాగవేణి పరుగున వెళ్ళి తన బల్ల దగ్గరనుంచి దించింది. అప్పటికే నీళ్ళు మా చీలమండల దాకా వచ్చాయి. ఏమీ కాలేదు, నవ్వుకుంటూ పైకి వచ్చాం. పిల్ల లైబ్రరీ చేసేవాళ్ళకి రాసిందట. ఇంకా నేర్చుకుంటోంది, కొంచెం ఆగండి అని జవాబు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే నాకు రాఘవులు గుర్తొచ్చాడు.

ఇరవై ఏళ్ళ కిందట వాడు ఇదే అరుగు మీద నా ముందు కూర్చున్నాడు. "అమ్మా, మీరు తూము ఏ వేళకి ఎత్తుతారు?" అని అడిగాడు. నవ్వాను. "వేళేమిటయ్యా, పాటు తీసినప్పుడు ఎత్తుతాం. ఇవాళ ఈ వేళకి, రేపు రెండు ఘడియలు ఆలస్యంగా, ఎల్లుండి నాలుగు. తిథి ఎంతో చెప్పు, వేళ నేను చెబుతాను" అన్నాను. పాడ్యమి నుంచి అమావాస్య దాకా అన్ని తిథులూ చెప్పించుకుని రాసుకున్నాడు.

పాత గుల్ల మీద అంటుకున్నది అది. నా మాటే. కొత్త కావలి గడియారం చూసి నేర్చుకుంది, మేం సముద్రం చూసి పనిచేస్తాం. దానికి మామూలు వేళ ఒకటుంటుంది. మాకు ఏ రోజుకి ఆ రోజే.

మామూలు వేళ అంటే ఏ వేళ అని అడిగింది నేనే. జవాబు నా కడుపులోనే ఉంది.

లేచి చెప్పులు వేసుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళాను. ఇప్పుడు వెళ్ళి చెబితే, మరి అర్థం కాకుండా ఊఁ ఎలా అన్నావు అంటారు. బుల్లెమ్మ బిందె ఏమంటుందో వినపడింది నాకు. వెనక్కి వచ్చి కూర్చున్నాను.

రేపు పొద్దున చెబుతాను.

పలుకు 7. బహుళ విదియ

పొద్దున వెళ్ళాను. పిల్ల నాకు టీ ఇచ్చి, "అవ్వా, మా అమ్మకి నీ గురించి చెప్పినా. నువ్వు ఊఁ అన్నందుకే గట్టు నిలబడిందని చెప్పినా" అంది. టీ తాగాను. కొత్తది ఎలా ఉందని అడిగాను. బాగుందంది. చెప్పకుండా వచ్చేశాను.

పున్నమి వెళ్ళిన రెండో రోజు పోటు అన్నిటికంటే పెద్దది. అది నాకు తెలుసు. తెలిసే చెరువులో దిగాను, నాతో పదిమంది.

ఎత్తేటప్పుడు రేకు ఏమీ అనలేదు. ఆ వేళ దానికి అలవాటే. దించే వేళకి మాత్రం అది నేర్చుకున్న వేళలన్నీ దాటిపోయాయి. మాచమ్మ చెయ్యి పెట్టింది. పలక ఎత్తి ఉన్నది ఉన్నట్టే బిగిసిపోయింది. నాగవేణి బల్ల దగ్గరికి పరుగెత్తింది. నిన్న వేళకాని వేళలో తలుపు దించిందని కావలి ఆ పిల్లని కూడా అనుమానించింది. ఆమె చెయ్యీ పనిచెయ్యలేదు.

నీళ్ళు మోకాళ్ళ దాకా, తర్వాత నడుము దాకా. బురదలో కాలు కదలదు. నాగవేణి గట్టు మీదనుంచి తాడు విసిరింది, మాకు అందలేదు. ఈత రాదు, సముద్రం అంటే వణుకు, అయినా నడుముకి తాడు చుట్టుకుని దిగింది. ఆ తాడు పట్టుకుని ఒకరి వెనక ఒకరం పదకొండు మందిమీ పైకి వచ్చాం. నేను ఆఖరున వచ్చాను.

మాచమ్మ తూము దగ్గరే ఉంది. గునపంతో పలక మేకు ఊడగొట్టింది. పలక పడింది. దాని కింద ఆమె కుడిచెయ్యి పడింది.

మూడు వేళ్ళు పోయాయి.

ఇవాళ ఇంకేమీ చెప్పను.

పలుకు 8. బహుళ పంచమి, సభ ఎదుట

మాచమ్మని చూడటానికి వెళ్ళాను. కట్టుకట్టిన చెయ్యి దిండు మీద ఉంది. ఎడమ చేత్తో అన్నం తింటోంది, సగం ఒళ్ళో పడుతోంది. కలిపి పెడతానన్నాను. వద్దంది. ఆమెకి అంతా చెప్పాను, ఊఁ సంగతీ, రాఘవులు సంగతీ, టీ తాగి వచ్చేసిన సంగతీ.

ఒళ్ళో పడ్డ మెతుకులు ఏరుకుంది. తర్వాత, "ఊఁ అన్నందుకు నేనేం అనను పిన్నీ. ఆ రోజు వాకిట్లో నేనూ ఉన్నాను, నేనూ అరిచాను" అంది. "కానీ విదియ పొద్దున సెప్పొచ్చు కదా. ఒక్క మాట. ఆ రోజు దిగకండే అనుంటే సరిపోయేది కదా."

సరిపోయేది.

ఆ మాట చెవిలో పెట్టుకుని సభకి వచ్చాను. ఇక్కడ మీరు ఏం తేల్చారు? వివరించిన మనిషి సరిగ్గా వివరించలేదు, అందుకే ప్రమాదం. ఊఁకొట్టు మనిషికి తప్పు అంటదు, ఆమె చదువురానిది, చెప్పినట్టే విన్నది. దానియేలు నాకు కుర్చీ వేయించాడు. నాగవేణిని నిలబెట్టారు. ఆ పిల్ల తల వంచుకుని, "తప్పు నాదే. అవ్వకి అర్థమయ్యేట్లు నేను చెప్పలేకపోయినా" అంది.

ఒరేయ్ దానియేలూ, నీ కుర్చీ నాకొద్దు. నిలబడే చెబుతాను, వినండి.

ఈ పిల్ల దాచింది ఒక్క ముక్క లేదు. ఏడు రోజులు చూస్తుందంది, చూసింది. వేళ తప్పితే బిగిస్తుందంది, బిగించింది. తనకి తెలియనిది తెలియదంది, తోస్తున్నది తోస్తున్నదే అంది. ఇంతకంటే సరిగ్గా చెప్పడం ఎవరికి వచ్చు? మెట్టలో పుట్టిన పిల్లకి పోటు పాటు ఎలా తెలుస్తాయి? తెలిసినదాన్ని నేను. రాఘవులుకి తిథులు చెప్పినదాన్ని నేను. ఈ గట్టు మీద నా పని ఒక్కటే, అర్థం కానప్పుడు కాలేదనడం. దానికి చదువు అక్కర్లేదు, ధైర్యం కావాలి. అష్టమినాడు నా దగ్గర అది లేదు. పాడ్యమినాడు లేదు. విదియనాడు టీ తాగేటప్పుడు కూడా లేదు.

నాకు చదువు రాదు కాబట్టి తప్పు అంటదంటారా? ఆ మాటకి నాకు ఒళ్ళు మండుతోంది. తప్పు చేసే తెలివి కూడా నాకు లేదనుకున్నారా? నా తప్పు నాది. నాకు ఇచ్చెయ్యండి.

ఇంకొకటి. ఇదంతా ఈ పద్ధతి వల్లే వచ్చిందనీ, ఇకమీదట చదువుకున్నవాళ్ళే చూసుకుంటారనీ మూలన కూర్చున్నవాళ్ళు గొణుక్కుంటున్నారు. వినపడుతోంది, నా చెవులు బాగానే ఉన్నాయి. పద్ధతి తప్పలేదు. నేను రెండు రోజులు కాలేదన్నాను, రెండు రోజులూ పద్ధతి పనిచేసింది. మూడోరోజు తప్పింది నేను. నన్ను తియ్యండి, పద్ధతిని ఉంచండి. మా ఆయన్ని చంపిన మార్పు ఏమిటో ఇప్పటికీ నాకు ఎవరూ చెప్పలేదు. ఇంకో ఆడదానికి ఆ గతి పట్టకూడదు.

పిల్ల చీటీ చింపకండి. చింపాలంటే నాది చింపండి.

పలుకు 9. బహుళ ద్వాదశి

సభ అయ్యాక చెబుతున్న ఆఖరి పలుకు ఇది. రేపు పెట్టె అప్పగించాలి.

నాగవేణి ఉంటుంది. నన్ను ఊఁకొట్టు పని నుంచి తీసేశారు. తూము దగ్గరికి కూడా ఏడాది పాటు వెళ్ళకూడదన్నారు. న్యాయమే. మాచమ్మ ఇంటికి రోజూ వెళ్తున్నాను. నిన్న మొదటిసారి అన్నం కలిపి పెట్టనిచ్చింది. నా మొహం చూడకుండా తిన్నది.

ఈ వారం రోజులూ పిల్ల సాయంత్రాలు నా అరుగు మీదే కూర్చుంది. రాఘవులు ముక్కలు పైకి తీసింది. ఒక్కొక్క లెక్కా చదువుతుంటే అది ఏ తిథో నేను చెప్పాను. ఒకచోట వాడు తప్పు రాసుకున్నాడు, ఏకాదశి పోటు పెద్దదని. చిన్నది. ఇరవై ఏళ్ళ తప్పు ఇవాళ దిద్దాం. అవన్నీ కొత్త కావలికి అతికేలా రాసింది. దేనికో, ఎందుకో, ఎవరు చెప్పారో ప్రతి ముక్క కిందా రాసి పెట్టింది. నా పేరు కూడా రాసిందట. ఎక్కడ అని అడిగితే వేలితో చూపించింది. గుండ్రంగా, రెండు తోకలతో ఉంది. లైబ్రరీ చేసేవాళ్ళకి కూడా పంపింది. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళందరికీ పనికొస్తుందట.

కానీ అది ఎక్కించాలంటే మళ్ళీ ఊఁ కావాలి. నన్ను తీసేశాక సభవాళ్ళు ఎవర్ని పెట్టాలా అని రెండు రోజులు కొట్టుకున్నారు. నేనే కబురు పంపాను, బుల్లెమ్మని పెట్టండి అని. దానియేలు పరుగున వచ్చాడు. "పిన్నీ, ఆవిడ దేనికీ ఒప్పుకోదు, నీకు తెల్దా" అన్నాడు. "తెలుసు, అందుకే" అన్నాను.

ఇవాళ మధ్యాహ్నం నాగవేణి బుల్లెమ్మ ఇంటికి వెళ్ళింది. ఆ ఇల్లు మా వెనక గోడ అవతలే. నేను గోడ ఇవతల కూర్చుని పీతలకి గిట్టలు కడుతున్నాను. వినకూడదు. విన్నాను.

పిల్ల చక్కగా చెప్పింది. కారప్పొడి చెప్పింది, గుల్ల చెప్పింది, తిథులు చెప్పింది, రోజుకి రెండు ఘడియలు చెప్పింది. నాకైతే నీళ్ళలా అర్థమైంది. రెండుసార్లు నా నోట్లో ఊఁ వచ్చేసింది, పంటికింద నొక్కిపెట్టాను. వాకిట్లో దానియేలు చెప్పులు అటూ ఇటూ తిరుగుతున్నాయి. అటునుంచి బుల్లెమ్మ ఊఁ ఇంకా రాలేదు. పీత కూడా నా కాలి కింద కదలడం మానేసింది.

అప్పుడు బుల్లెమ్మ గొంతు వినపడింది, గోడ ఇవతల నాకూ, వాకిట్లో వాడికీ, గట్టు చివరిదాకా వినపడేంత గట్టిగా.

"నాకు ఎక్కలేదు పిల్లా. మొదట్నించి మళ్ళీ సెప్పు."